తునికాకు శనివారాలు

చర్చికి తాళం వేసి ఉంది.

నాగలక్ష్మి గొడుగు మడిచి, మెట్టు మీది నీడలోకి జరిగి వాచీ చూసుకుంది. మూడు దాటి ఏడు నిమిషాలు. పొద్దున్నే వంట ముగించి, నాలుగేళ్ళ పాపను అత్తగారికి అప్పజెప్పి, ఖమ్మంలో బస్సెక్కి, ఇల్లెందులో మారి, టేకులపల్లిలో దిగేసరికి జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. ఇంత దూరం రమ్మన్న మనిషి కనీసం తాళం తీసి పెట్టలేదు.

రమ్మన్నది బాలి. పది రోజుల కింద ఫోన్ చేసింది.

"అక్కా, నేను బాలిని. గుర్తున్ననా? ఇప్పుడు యూత్‌ను నేనే చూసుకుంటున్న. మా పిల్లలకు నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పాలె, నాయకత్వం గురించి. పై శనివారం, మూడింటికి. యాడనో నీకెరికే గదా?"

"ఎరుకే" అంది నాగలక్ష్మి, పొంగొస్తున్న పాల గిన్నెను గుడ్డతో దించుతూ.

నాలుగు మాటలు అడిగితే నాలుగు పేజీలు రాసింది. మూడు సాయంత్రాలు, పాపకు అన్నం పెట్టాక, వంటింటి గట్టు మీదే. పైన ‘యువజన నాయకత్వం: ఏడు సూత్రాలు’ అని రాసి కింద గీత గీసింది. స్కేలుతోనే. చేత్తో గీసిన గీత ఆమెకు ఎప్పుడూ నచ్చదు. మొదటి సూత్రం సమయపాలన.

బాలి నెంబరుకు చేస్తే అందుబాటులో లేదని వచ్చింది. నాగలక్ష్మి కిటికీ ఊచల్లోంచి లోపలికి చూసింది. రేకుల కప్పు కింద అవే చాపలు, చుట్టచుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. పాస్టరుగారి బల్ల మీద కొత్త గుడ్డ. ఎదురు గోడకు తను తగిలించిన గడియారం ఇంకా నడుస్తూనే ఉంది. దాని కింద తను కొట్టించిన మేకు. దానికిప్పుడు కంజిర వేలాడుతోంది.

ఆ మేకు కొట్టించింది కంజిర కోసం కాదు. ఖమ్మం నుంచి గెలిచి తెచ్చే షీల్డు కోసం.

అది రెండువేల మూడు. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. ఖమ్మంలో డిగ్రీ అయిపోయి ఇంటికొచ్చింది. నాన్న ఇల్లెందు బొగ్గుబావిలో పనిచేసి, ఆరోగ్యం బాగాలేక ముందే దిగిపోయి టేకులపల్లిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. నాగలక్ష్మి పెరిగిందంతా కంపెనీ క్వార్టర్లలో. అక్కడ సైరను మోగితే జనం లేచేవారు, సైరను మోగితే పనిలోకి దిగేవారు. అన్నిటికీ ఒక వేళ ఉంటుందనే నమ్మకం ఆమెకు అక్కడే పట్టుకుంది.

టేకులపల్లి చర్చిలో యూత్ మీటింగు అప్పట్లో చిరంజీవి ఢోలక్ తెచ్చినప్పుడు మొదలయ్యేది. తన పంచరు షాపులో బేరం తగిలితే చిరంజీవి నాలుగున్నరకు వచ్చేవాడు. అంతవరకు ఉన్న పదకొండు మందీ గోడకు జారగిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. పాస్టరు సమ్మయ్యగారు మెత్తని మనిషి. ఒకరోజు నాగలక్ష్మిని పిలిచి, "నువ్వు చదువుకున్న పిల్లవు. వీళ్ళను జర నువ్వు చూడమ్మా" అన్నారు. ఖమ్మంలో మూడు రోజుల నాయకత్వ శిక్షణ ఉంటే తన చేతి కర్చుతో పంపించారు కూడా.

ఆ శిక్షణ నుంచి నాగలక్ష్మి ఒక ఫైలు, ఒక రిజిస్టరు, ఒక గోడగడియారం తెచ్చింది. సరిగ్గా మూడింటికి ప్రార్థన. ఆలస్యమైతే వెనక నిలబడాలి. వరసగా మూడు వారాలు రాకపోతే పేరు కొట్టివేత. మొదట్లో అందరూ గొణిగారు. కానీ ఆరు నెలల్లో పదకొండు మంది ముప్పై ఒక్కరయ్యారు. పాటలు శ్రుతిలో పడ్డాయి. చిరంజీవి సైతం షాపుకు తడక వేసి రెండూ యాభై ఐదుకు వచ్చేసేవాడు. "ఏం జేయాలె? గడియారం అక్క ఊకుంటదా!" అని వాడు పెట్టిన పేరు ఊరంతా పాకింది. పైకి కోప్పడినా నాగలక్ష్మికి ఆ పేరు లోలోపల ఇష్టంగానే ఉండేది.

బాలి వచ్చింది ఆ క్రిస్మస్‌కు. రోడ్డు మీంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి, అడవి అంచున ఉన్న తండా వాళ్ళది. ఇంట్లో ఎవరూ చర్చికి వచ్చేవాళ్ళు కారు. వాళ్ళ దేవుళ్ళు, వాళ్ళ పండుగలు వాళ్ళకున్నాయి. క్రిస్మస్ నాటకం చూడటానికి వచ్చిన పదిహేడేళ్ళ పిల్ల, వెనక వరసలో కూర్చుని పాట అందుకుంది. ముందు వరసల వాళ్ళు ఒక్కొక్కరే తలలు తిప్పారు. ఆ గొంతు వేసవిలో బోరింగు నీళ్ళలాగా ఉండేది. చల్లగా, కాస్త ఇనుము రుచితో. గొర్రెల కాపరి వేషానికి మనిషి తక్కువైతే ఆ సాయంత్రమే ఆమెను వేదిక ఎక్కించారు. తోడొచ్చిన తాత గొంగడి కప్పుకుని, తాత కర్ర పట్టుకుని నిలబడింది. దేవదూత చిరంజీవి. రెక్క ఊడి కాపరుల మీద పడితే అందరూ నవ్వారుగానీ బాలి నవ్వలేదు. వంగి రెక్క తీసి దూతకు మర్యాదగా అందించింది.

ఆ తరువాత ప్రతి శనివారం నడిచి వచ్చేది. మే నెలాఖరున ఖమ్మంలో జిల్లా యువజనుల పాటల పోటీ అని తెలియగానే, ముందు పాడాల్సింది ఎవరో నాగలక్ష్మి రెండో ఆలోచన లేకుండా తేల్చేసుకుంది. షీల్డు పెట్టడానికి గడియారం కింద మేకు కొట్టించింది.

అప్పుడు బాలి రావటం మానేసింది. ఒక శనివారం, రెండో శనివారం, మూడో శనివారం.

నాలుగో శనివారం నాగలక్ష్మి హాజరు పిలిచాక ఎర్ర పెన్ను తీసింది. నియమం పెట్టింది తనే. బాగా పాడుతుందని ఒకరికి సడలిస్తే రేపు మిగతావాళ్ళకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? అది న్యాయమనే అనుకుంది. అందుకే గట్టిగా, అందరికీ వినపడేలా చదివింది.

"బాలి. మూడు వారాలు గైర్హాజరు. పేరు కొట్టివేస్తున్నాం."

పెన్ను కాగితం మీద గీరుతున్న చప్పుడు ఆగాక, చిరంజీవి చెయ్యి ఢోలక్ మీద కదలకుండా ఉండటం గమనించింది. అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు. గుమ్మంలో బాలి. పరుగెత్తి వచ్చినట్టుంది, ఊపిరి అందటం లేదు. చెప్పులు విడవటానికి వంగి, ఒక చెప్పు విడిచి, రెండోది కాలికే ఉండగా ఆగిపోయింది. వేళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి.

బాలి విడిచిన చెప్పును మళ్ళీ కాలికి తొడుక్కుని వెళ్ళిపోయింది.

మీటింగు అయ్యాక సమ్మయ్యగారు చాపలు చుడుతూ, "ఆకు పడ్డది గదమ్మా" అన్నారు.

"తునికాకు తెల్లారే కోస్తారు కదండీ. మధ్యాహ్నం మూడింటికి ఖాళీయే కదా?"

ఆయన చాప గోడకు ఆనించి, దుమ్ము దులుపుకుంటూ అన్నారు. "ఎప్పుడన్న చూసినవా బిడ్డా?"

చూడలేదు. బీడీలు దానితో చేస్తారని తెలుసు. అంతే.

మంగళవారం చిరంజీవిని తోడు తీసుకుని ఆటోలో మలుపు దాకా వెళ్ళి, అక్కణ్ణించి నడిచింది. ఎండకు దారి తెల్లగా మెరుస్తోంది. ఏం మాట్లాడాలో మనసులో వరసగా పేర్చుకుంది. పోటీ గురించి, బాలి గొంతు గురించి, నియమాన్ని ఒక్కసారికి ఎలా సర్దవచ్చో దాని గురించి. ఇంకా రెండే శనివారాలు మిగిలాయి. బాలి లేకుండా ఖమ్మం వెళ్ళటమంటే వెళ్ళకపోవటమే.

తండాలో మొదటి పందిరి కిందే బాలి తాత హాతీరాం మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆకు గుట్ట. దాని చుట్టూ బాలి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు.

"రా టీచరమ్మా, రా!" అన్నాడు ముసలాయన. "మా పిల్ల పేరు కొట్టేసినవంట గదా. రేషన్ కార్డుల గూడ ఉన్నది, గది గూడ కొట్టేస్తవా?"

చిరంజీవి ఫక్కుమన్నాడు. నాగలక్ష్మి చూపు చూసి నోరు మూసుకున్నాడు.

తప్పయిందని చెప్పాలనే వచ్చింది. కానీ నోట్లోంచి వేరేది వచ్చింది. "రూలు అందరికీ ఒకటే కదా తాతా."

"అవ్ అవ్. ఎండ గూడ అందరికొకటే. కూసో, మంచినీళ్ళు తాగు."

బాలి తలెత్తలేదు. ఆకులు తీసుకోవటం, కాడలన్నీ ఒకవైపు చేర్చటం, నారతో బిగించటం. ఆకు పసరుకు నల్లబడ్డ చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. నాగలక్ష్మి చీర కుచ్చిళ్ళు సర్దుకుని కింద కూర్చుంది. అప్పటికే చిరంజీవి నాలుగు కట్టలు కట్టేశాడు.

"నీకు వచ్చా?"

"మా అమ్మ ఆకు కోసే గదక్కా మమ్ముల సాకింది. చీకటితోటి లేసి అడివికి పోవాలె. ఎండెక్కినంక మూట నెత్తిన పెట్టుకొని రావాలె. తిన్నమా తినలేదా, కట్టలు గట్టాలె. నాలుగింటికల్ల ఆకు కొనే కల్లం కాడ ఉండాలె. మల్ల తెల్లారితే అడివి. వాన పడేదాంక ఆదివారం లేదు, శనివారం లేదు."

"మరి నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

చిరంజీవి నార కొస పంటితో తెంపాడు. "నువ్వు అడిగితే గద. ఎన్నిసార్లు రాలేదు అని అడిగినవ్. ఎందుకు రాలేదు అని అడగలేదు."

నాగలక్ష్మి ఆకులు ముందుకు లాక్కుంది. ఊరికే కూర్చోవటం చేతకాదు ఆమెకు. పక్కనామె కట్టకు యాభై ఆకులని చూపించింది. లేత ఆకులు, రాగి రంగు తిరిగినవి, పట్టుగుడ్డలా మెత్తగా ఉన్నాయి. జాగ్రత్తగా, పెదవుల్లోనే లెక్కపెట్టుకుంటూ పదకొండు కట్టలు కట్టింది. తన కట్టలు అందరివాటికంటే పొందికగా ఉన్నాయనిపించింది.

బాలి మొదటిసారి చెయ్యి చాపి అందులో ఒకటి తీసింది. బొటనవేలితో అంచు మీద చర్రున గీసింది.

"రెండు తక్కువున్నయ్."

"లెక్కపెట్టే కట్టిన."

"మల్ల లెక్కబెట్టు."

విప్పి లెక్కపెట్టింది. నలభై ఎనిమిది. ముఖం వేడెక్కింది. మార్కుల లిస్టుల్లో, హాజరు పట్టీల్లో, కిరాణా చీటీల్లో తన లెక్క తప్పిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

"రెండు ఆకులకు ఏమైతది?"

"కల్లం కాడ కల్లేదారు కట్టలు చూస్తడు గద, ఆయన తీస్తడు."

"పారేస్తాడా?"

"ఎందుకు పారేస్తడు?" బాలి ఇప్పుడు ఆమె ముఖంలోకి చూసింది. "ఆకు మంచిదే గదా. పక్కకు బెట్టి, ఇంకో రెండు పెట్టుకొని రాపో అంటడు. గంతే. మా పేరు పెట్టి అందరి ముందల అరవడు."

ఆకులు సర్దుతున్న చేతులన్నీ ఒక్క క్షణం నెమ్మదించాయి. హాతీరాం మంచం మీంచి దిగి, అవసరం లేకపోయినా కుండ దగ్గరికి వెళ్ళాడు.

"బాలీ, తప్పు నాదే" అంది నాగలక్ష్మి. మాటలన్నీ పేర్చుకుని వచ్చింది గానీ అవేవీ మిగల్లేదు. "నీ పేరు మళ్ళీ రాస్తా."

"యాడ రాస్తవ్? ఇంట్ల కూసోనా?"

నాగలక్ష్మి విప్పిన కట్టకు ఇంకో రెండు ఆకులు చేర్చింది.

"అందరి ముందల కొట్టినవ్ అక్కా. అందరి ముందలనే రాయాలె. లేకుంటే నేను రాను. పాట పాడమంటే ఈడ చెట్ల కింద పాడుకుంట, నాకేంది?"

"సరే. శనివారం రా మరి."

"శనివారం ఆకు ఆగుతదా?"

మళ్ళీ అక్కడికే వచ్చింది. అప్పుడు చిరంజీవి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఒక మాట చెప్పాల్నా? కోప్పడొద్దు. క్రిస్మస్ నాటకంల నేను దూతను. బాలి గొర్లకాపరి. నేనేమన్నా కాపరులను మూడింటికి చర్చికి రమ్మన్ననా? వాళ్ళు పని జేసుకునే కాడికి నేనే పోయిన. రెక్క ఊడినా పోయిన."

బాలి నవ్వాపుకోలేకపోయింది. ఆకులు ఒళ్ళోంచి జారిపోయాయి.

తిరిగి వచ్చే దారిలో నాగలక్ష్మి లెక్కలు వేసుకుంది. శనివారం అందరినీ తండా కల్లం దగ్గరికి తీసుకుపోవటమంటే, ఉన్న రెండు శనివారాల సాధన పోయినట్టే. పోటీ రోజూ ఆకు రోజే. బాలి ఎలాగూ ఖమ్మం రాలేదు. అంటే షీల్డు పోయింది. అంతకంటే కష్టమైంది ఇంకొకటి ఉంది. ముప్పై మంది ముందు నిలబడి తప్పయిందని చెప్పాలి. ఫైల్లో నాయకుడి లక్షణాలు పద్దెనిమిది రాసుకుంది. అందులో ఇది లేదు.

ఇల్లు చేరాక పోటీ పెట్టేవాళ్ళకు ఒక కార్డు రాసింది. ఈ ఏడాది మా సంఘం రాలేకపోతోంది. కారణం రాసే చోట కాసేపు ఆగి, ‘తునికాకు’ అని రాసింది. వాళ్ళకు అర్థమవుతుందో లేదో పట్టించుకోలేదు.

ఆ శనివారం ఇరవై ఆరు మంది నడిచి కల్లం దగ్గరికి వెళ్ళారు. ఎండబెట్టిన కట్టలు వరసలు వరసలుగా, బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. చిరంజీవి మెడలో ఢోలక్. సమ్మయ్యగారు తలకు తువ్వాలు చుట్టుకుని అందరికంటే వెనక వచ్చారు. తండా వాళ్ళు ఏం జరుగుతుందో చూద్దామని గుమిగూడారు. కల్లేదారు కూడా పుస్తకం మూసి నిలబడ్డాడు.

నాగలక్ష్మి రిజిస్టరు తెరిచింది.

"పోయిన శనివారం నేను బాలి పేరు కొట్టేశాను" అంది. గొంతు సన్నబడిపోయింది. హాతీరాం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపడ్తలేదు టీచరమ్మా!" అన్నాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి హాజరు పిలిచే గొంతుతో. "ఎందుకు రాలేదో అడక్కుండా కొట్టేశాను. అందరి ముందు చదివాను. అది తప్పు. బాలి పేరు మళ్ళీ రాస్తున్నాను."

రాసింది. నీలి పెన్నుతో.

బాలి కట్టలు దించి వచ్చి ఎదురుగా నిలబడింది. "హాజరు పిలువు అక్కా" అంది, ఇంకా గట్టి మొహంతోనే.

"బాలి."

"ఉన్న."

ఆ తరువాత అందరూ గుట్టల చుట్టూ కూర్చుని కట్టలు కట్టారు. బాలి పాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు. చిరంజీవి హుషారెక్కి దరువు పెంచేస్తే హాతీరాం కర్ర ఎత్తి అరిచాడు. "జర మెల్లగ పాడుండ్రి! చేతులు అందుకుంటలేవు!" వాళ్ళ దేవుడి పాటకు ఆయన గొంతు కలపలేదు. కానీ ఆకులు తీసుకునే వేగం మాత్రం దరువుతోనే నడిచింది. మీటింగు అయిపోయాక నాగలక్ష్మి కొంగులో దోసెడు తునికి పండ్లు పోశాడు.

ఇంటికొచ్చి రిజిస్టరులో హాజరు గడుల పక్కన స్కేలు పెట్టి ఇంకో గీత గీసింది. పైన ‘ఎందుకు’ అని రాసింది. ఎర్ర పెన్నును నాన్నకిచ్చేసింది.

వానలు పడేవరకు శనివారాలన్నీ కల్లం దగ్గరే జరిగాయి. మరుసటి ఏడాది ఆమెకు ఖమ్మం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు బడి టీచరు. వెళ్ళేముందు రిజిస్టరు బాలి చేతికిచ్చి వెళ్ళింది. తరువాత పాప, అత్తగారి మోకాలి ఆపరేషన్, అద్దె ఇళ్ళు మారటం. అమ్మానాన్నలు కూడా తిరిగి ఇల్లెందుకు మారిపోయారు. టేకులపల్లి ఉత్తరాల్లో, ఆ తరువాత ఫోన్లలో, ఆ తరువాత ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు మాత్రమే మిగిలింది.

"ఎవరికోసం అమ్మా?"

నాగలక్ష్మి ఉలిక్కిపడింది. రోడ్డుకు అవతల టీ కొట్టులోంచి ఇమాంబీ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది.

"యూత్ మీటింగు ఉందన్నారు. మూడింటికే..."

ఇమాంబీ రోడ్డు దాటి వచ్చి పరకాయించి చూసింది. "అరే! గడియారం అక్కవు గదా నువ్వు! గిట్ల బొద్దయినవేంది, గుర్తే పట్టలే." ఆమె భుజం తట్టి పెద్దగా నవ్వింది. "ఆకు కాలంల చర్చి తాళం తియ్యరు గద బిడ్డా! అందరు కల్లం కాడనే. నువ్వు బెట్టిన పద్ధతే గదా, నువ్వే మర్సిపోయినవా?"

ముఖం వేడెక్కటం నాగలక్ష్మికి తెలిసింది. నలభై ఎనిమిది ఆకుల కట్ట విప్పినప్పుడు వచ్చిన వేడే అది. నిమిషాలు లెక్కపెడుతూ బాలి మీద కోపం పెంచుకుంటూ నిలబడింది. ఎందుకు అన్న మాట ఈసారి కూడా మొదట తట్టలేదు.

"ఆటో దొరుకుతదా?"

"జల్దీ పో. చాయ్ తర్వాత తాగుదువు."

మలుపు దగ్గర దిగి నడిచింది. దారికిప్పుడు కంకర పోశారు. దూరం నుంచే ఢోలక్ వినపడింది. చిరంజీవి చెయ్యి కాదు, కొత్త చెయ్యి. చిరంజీవి కొత్తగూడెంలో టైర్ల షాపు పెట్టుకున్నాడని ఎప్పుడో విన్నది. కానీ ఆకు వాసన అదే. కొంచెం వగరుగా, ఎండిన గడ్డిలో పచ్చిదనం కలిసినట్టు.

కల్లం నిండా పిల్లలు. మధ్యలో బాలి, అంగన్‌వాడీ చీరలో, మోకాళ్ళ మీద రిజిస్టరు. నాగలక్ష్మిని చూడగానే లేచి నిలబడి అరిచింది.

"లేటు అక్కా! నలభై నిమిషాలు!"

పిల్లలంతా గొల్లుమన్నారు. మంచం మీద చిక్కిపోయి కూర్చున్న హాతీరాం మబ్బు పట్టిన కళ్ళతో అటు తిరిగాడు. "టీచరమ్మ వచ్చిందా? ఇయ్యాల ఎవల పేరు కొట్టేస్తది?"

"నాదే కొట్టేయాలి తాతా" అంది నాగలక్ష్మి.

బాలి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని రిజిస్టరు ముందుకు జరిపింది. "హాజరు అయిపోయింది. నీది ఒక్కటే ఉంది."

"నా పేరు ఎందుకుంటుందే?"

"చూడు."

ఏడో నెంబరు. నాగలక్ష్మి అక్క. ఈ ఏడాది గడులన్నీ ఖాళీ. పక్కన ‘ఎందుకు’ గడిలో బాలి గుండ్రటి అక్షరాలు: ఖమ్మం. పాపను బడిలో వేయాలి.

"పోయినేడు అత్తగారికి ఆపరేషన్ అని రాసిన" అంది బాలి. "అంతకుముందు ఏడు ఇల్లు మారిన్రు. అంతకుముందు పాపకు జరం. పాస్టరయ్యను అడిగేదాన్ని. తెల్వకుంటే మీ అమ్మకు ఫోన్ చేసేదాన్ని. ప్రతి సంవత్సరం కొత్త పుస్తకంల మొదలు పాత పేర్లన్నీ ఎక్కిస్తం గదా. కొట్టేసే రూలు తీసేసినవ్ నువ్వే."

నాగలక్ష్మి ఆ అక్షరాల మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఐదేళ్ళుగా తనకే జ్ఞాపకం లేని రోజులు ఇక్కడెవరో రాసి పెట్టారు. సంచిలో నాలుగు పేజీలు ఉన్నాయి. చెయ్యి అటు వెళ్ళింది, సంచి మూతి ముడి వేసి పక్కకు పెట్టింది.

"నాలుగు మాటలు చెప్పమంటిని గద అక్కా?"

"చెప్తా. ముందు పెన్ను ఇయ్యి."

బాలి నీలి పెన్ను ఇచ్చింది. నాగలక్ష్మి తన పేరు ఎదురుగా ఈ రోజు గడిలో టిక్కు పెట్టింది. ఆలస్యమైంది కాబట్టి కారణం రాయాలి. నియమం అందరికీ ఒకటే. ‘ఎందుకు’ గడిలో, చోటు చాలక అక్షరాలు చిన్నవి చేస్తూ రాసింది.

తాళం వేసిన చర్చి ముందు వాచీ చూస్తూ నిలబడింది.

ఆ తరువాత కుచ్చిళ్ళు సర్దుకుని, ఆకుల గుట్ట దగ్గరికి జరిగింది. "ఒకటి, రెండు" అని ఈసారి పైకే లెక్కపెట్టటం మొదలుపెట్టింది. పక్కనున్న పిల్ల కూడా ఆమెతో కలిసి లెక్క అందుకుంది.